టెర్మినల్‌లో డైరెక్టరీ కనబడకపోతే: దారి ఎక్కడ తెగిందో పట్టుకునే పద్ధతి

"నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అన్న ఒక్క వాక్యం చూడగానే చాలామంది ఫోల్డర్ పోయిందనుకుంటారు. ఆ వాక్యానికి అర్థం అది కాదు. మీరిచ్చిన దారిని కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని మూలభాగం) ఎడమ నుంచి ఒక్కో పేరు చొప్పున విప్పుకుంటూ వెళ్తుంది. మధ్యలో ఎక్కడో, అచ్చంగా ఆ పేరుతో ఏదీ దొరకలేదు. అంతవరకే చెబుతోంది, ఏ పేరు దగ్గర ఆగిందో చెప్పదు. ఆ పేరేదో పట్టుకుంటే సమస్య చాలావరకు తేలిపోతుంది. నిజంగా చెరిగిపోయిన డైరెక్టరీల కన్నా, ఉన్నచోటే ఉండి మనకు దొరకనివే ఎక్కువ.

ఇక్కడ కమాండ్లన్నీ పలికే తీరులో తెలుగులో రాశాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలే వాడండి. 'సీడీ' (డైరెక్టరీలోకి వెళ్లేది), 'ఎల్‌ఎస్' (అక్కడేమున్నాయో చూపించేది) లాంటివి విడి అక్షరాలు. 'ఫైండ్', 'మౌంట్', 'హిస్టరీ' లాంటివి ఆ ఇంగ్లీషు మాటల స్పెల్లింగే. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెప్పాం.

మొదట చేయకూడనివి

డైరెక్టరీ కనబడలేదని వెంటనే 'ఎంకేడిర్' కొట్టి అదే పేరుతో కొత్తది సృష్టించకండి. ఎర్రర్ పోతుంది, ప్రోగ్రామ్ నడుస్తుంది, కానీ అసలు డైరెక్టరీ ఎక్కడుందో తేలకుండానే కొత్త డేటా ఖాళీ ఫోల్డర్‌లో చేరుతుంది. డిస్క్ మౌంట్ కాని, అంటే సిస్టమ్ చెట్టుకు తగిలించని సందర్భంలో ఇది ఎంత చిక్కు తెస్తుందో కింద చూస్తారు. ఒకవేళ డైరెక్టరీ నిజంగానే చెరిగిపోయి ఉంటే, ఆ డిస్క్ మీద కొత్తగా రాసే ప్రతిదీ పాత డేటా మీద పడే అవకాశం ఉంది.

అడుగు 1: ఎర్రర్‌ను అక్షరం అక్షరం చదవండి

ఒకేలా అనిపించే మూడు ఎర్రర్లకు మూడు వేర్వేరు కారణాలు ఉంటాయి. లినక్స్‌లో వీటికి నంబర్లు కూడా ఉన్నాయి.

"నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" నంబరు 2: దారిలో ఒక పేరు దొరకలేదు. "పర్మిషన్ డినైడ్" నంబరు 13: వెళ్లే అనుమతి లేదు. ఈ ఎర్రర్ వస్తే పేరు తప్పేమోనని వెతుకుతూ కూర్చోవడం వృథా. "నాట్ ఎ డైరెక్టరీ" నంబరు 20: దారి మధ్యలో డైరెక్టరీ ఉండాల్సిన చోట మామూలు ఫైల్ ఉంది. 'సీపీ' కమాండ్‌తో, లేని డైరెక్టరీలోకి ఒక ఫైల్‌ను కాపీ చేయబోతే ఇలా అవుతుంది. గమ్యం చివర / పెట్టకపోతే, ఆ డైరెక్టరీ పేరుతోనే ఒక ఫైల్ తయారవుతుంది.

ఎర్రర్ ఎవరిస్తున్నారో కూడా చూడండి. వాక్యం మొదట్లో 'బ్యాష్: సీడీ:' అని ఉంటే ఎర్రర్ ఇస్తున్నది షెల్, అంటే మీ కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రామ్. ప్రోగ్రామ్ పేరు ఉంటే, ఆ ప్రోగ్రామ్ తన సెట్టింగ్స్‌లో ఉన్న ఏదో దారిని వెతుకుతోంది. అప్పుడు మీరు టైప్ చేసినదాంట్లో తప్పు లేకపోవచ్చు.

ఎర్రర్‌లో చూపించిన పేరును మీరు కొట్టాననుకున్న పేరుతో పోల్చండి. చివర ఒక ఖాళీ గానీ, డాలర్ గుర్తుతో మొదలయ్యే వింత రూపం గానీ కనబడితే సగం జవాబు అక్కడే దొరికినట్టు.

అడుగు 2: మీరెక్కడున్నారో తేల్చుకోండి

పీడబ్ల్యూడీ

/ తో మొదలుకాని ప్రతి దారినీ షెల్ మీరిప్పుడున్న చోటి నుంచే లెక్కిస్తుంది. 'సీడీ ప్రాజెక్టులు' నిన్న పనిచేసి ఇవాళ పనిచేయలేదంటే, నిన్న మీరు హోమ్‌లో (మీ సొంత డైరెక్టరీలో) ఉన్నారు, ఇవాళ ఇంకెక్కడో ఉన్నారు. చాలా సమస్యలు ఇక్కడే తీరిపోతాయి.

ఇంకొక రూపం ఉంది: 'పీడబ్ల్యూడీ -పీ' (పీ పెద్ద అక్షరం). ఇది సింబాలిక్ లింకులను (ఇంకో చోటికి దారి చూపే పేర్లను) విప్పి అసలు చోటు చూపిస్తుంది. లింకు గుండా లోపలికి వచ్చి 'సీడీ ..' కొడితే షెల్ మిమ్మల్ని లింకు ఉన్న చోటికే తీసుకెళ్తుంది. అదే చోటి నుంచి 'ఎల్‌ఎస్ ..' కొడితే అసలు డైరెక్టరీకి పై చోటు కనిపిస్తుంది. రెండూ వేర్వేరు చోట్లు. పక్కనే ఉండాల్సిన డైరెక్టరీ మాయమైందనిపిస్తే ఈ తేడా చూసుకోండి.

మీరున్న డైరెక్టరీనే ఎవరో తీసేశారనుకుందాం. ఇంకో టెర్మినల్‌లో బిల్డ్ టూల్ పాత ఫోల్డర్‌ను తుడిచి అదే పేరుతో కొత్తది పెట్టొచ్చు, గిట్‌లో బ్రాంచ్ మార్చినప్పుడు ఫోల్డర్ పోవచ్చు. అప్పుడు 'గెట్‌సీడబ్ల్యూడీ' అనే మాటతో పొడుగాటి ఎర్రర్ వస్తుంది. పేరు అదే అయినా, మీ షెల్ మాత్రం చెరిపేసిన పాత ఐనోడ్‌నే (డిస్క్ మీద డైరెక్టరీకి ఉండే, నంబరు గల రికార్డునే) పట్టుకుని కూర్చుంది. బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్తే సరిపోతుంది:

సీడీ ~

~ అంటే మీ హోమ్. తర్వాత పూర్తి దారి ఇచ్చి తిరిగి వెళ్లండి.

అడుగు 3: ఎడమ నుంచి ఒక్కో మెట్టు

దారి /హోమ్/రమ/ప్రాజెక్టులు/లెక్కలు/2024 అనుకుందాం. మొత్తం ఒకేసారి కాకుండా ఒక్కో ముక్క కలుపుతూ చూడండి:

ఎల్‌ఎస్ -ఎల్‌డీ /హోమ్
ఎల్‌ఎస్ -ఎల్‌డీ /హోమ్/రమ
ఎల్‌ఎస్ -ఎల్‌డీ /హోమ్/రమ/ప్రాజెక్టులు

ఎక్కడ మొదటిసారి ఎర్రర్ వచ్చిందో, తప్పు ఆ పేరులోనే ఉంది. దాని తర్వాతి పేర్ల జోలికి ఇప్పుడు వెళ్లనక్కర్లేదు. లినక్స్‌లో ఈ పనంతా ఒక్క కమాండ్‌తో అవుతుంది. పేరు 'నేమ్‌ఐ' (నేమ్ అనే మాట చివర ఐ అక్షరం):

నేమ్‌ఐ -ఎల్ /హోమ్/రమ/ప్రాజెక్టులు/లెక్కలు/2024

దారిలోని ప్రతి మెట్టునూ ఒక్కో వరుసలో, యజమాని, అనుమతులతో సహా చూపిస్తుంది. మధ్యలో లింకులుంటే విప్పి చూపిస్తుంది. ఆగిపోయిన చోట ఎర్రర్ రాస్తుంది. ఇంత ఉపయోగపడే కమాండ్ చాలామందికి పరిచయమే లేదు. అలవాటు చేసుకోండి.

తెగిన మెట్టు తెలిశాక, దాని పై డైరెక్టరీలో ఏమేం ఉన్నాయో చూడండి:

ఎల్‌ఎస్ -ఎల్‌ఏ

ఇందులో 'ఏ' ముఖ్యం. అది లేకపోతే చుక్కతో మొదలయ్యే పేర్లు కనబడవు. ఇక్కడే ట్యాబ్ కీ కూడా వాడండి. పేరులోని మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే షెల్ తనకు కనబడుతున్న పేరును తానే నింపుతుంది. నింపలేదంటే ఆ మొదటి అక్షరాలతో అక్కడ ఏదీ లేదు, లేదా ఒకటికి మించి పేర్లు ఉన్నాయన్నమాట. ట్యాబ్ మళ్లీ నొక్కితే, ఉన్నవాటి జాబితా వస్తుంది. దారిని చేత్తో పూర్తిగా టైప్ చేసే అలవాటు మానేస్తే ఈ రకం ఎర్రర్లు చాలావరకు రావు.

అడుగు 4: పేరు ఒకటే అనిపిస్తుంది, కానీ ఒకటి కాదు

లినక్స్‌కు పేరంటే బైట్ల వరుస. కంటికి ఒకేలా కనబడే రెండు పేర్లలో ఒక్క బైటు తేడా ఉన్నా అవి రెండు వేర్వేరు పేర్లు.

మొదటిది పెద్దక్షరం, చిన్నక్షరం తేడా. 'డౌన్‌లోడ్స్' పేరులో మొదటి అక్షరం పెద్దది. చిన్నదిగా కొడితే లినక్స్‌లో దొరకదు. విండోస్‌లో, మ్యాక్‌లో మామూలు సెట్టింగ్స్‌తో ఉన్న డిస్క్ ఈ తేడాను పట్టించుకోదు. అందుకే మ్యాక్‌లో చక్కగా నడిచిన ప్రాజెక్ట్ లినక్స్ సర్వర్ మీదకు వెళ్లగానే డైరెక్టరీ లేదని ఆగిపోతుంది.

రెండోది కనబడని అక్షరాలు. పేరు చివర ఖాళీ, వెబ్ పేజీ నుంచి కాపీ చేసినప్పుడు వచ్చే విడదీయరాని ఖాళీ, వాట్సాప్‌లోనో వర్డ్‌లోనో వంకర కోట్స్‌గా మారిపోయిన కోట్స్, హైఫన్ బదులు పొడుగాటి గీత. వీటిని బయటపెట్టడానికి:

ఎల్‌ఎస్ | ఓడీ -సీ

పేర్లలోని ఒక్కో బైటు విడిగా వస్తుంది. 302 240 అని కనబడితే అది విడదీయరాని ఖాళీ. \ గుర్తు పక్కన 'ఆర్' కనబడితే విండోస్ తరహా లైన్ ముగింపు పేరులో అతుక్కుంది.

తెలుగులో పేర్లు పెట్టేవాళ్లకు ఇక్కడ ప్రత్యేకమైన చిక్కులున్నాయి. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో పొల్లు తర్వాతి హల్లు ఒత్తుగా మారకుండా ఆపేది కనబడని ఒక అక్షరం, జీరో విడ్త్ నాన్ జాయినర్. మాట మధ్యలో ఉంటే దాని ప్రభావం కంటికి కనిపిస్తుంది. 'బిల్స్' లాగా మాట పొల్లుతో ముగిసిన చోట మాత్రం, అది ఉన్నా లేకపోయినా చూడటానికి తేడా ఉండదు. కొన్ని కీబోర్డులు దాన్ని మాట చివర అలాగే వదిలేస్తాయి. 'ఓడీ -సీ' లో అది 342 200 214 గా కనబడుతుంది. ఒకరు పెట్టిన ఫోల్డర్ పేరును ఇంకొకరు వేరే కీబోర్డుతో టైప్ చేసినప్పుడు దొరకకపోవడానికి ఇదొక కారణం.

ఇంకోటి ఐత్వం. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే అక్షరంగానూ రాయొచ్చు, ఎత్వం ముందు పెట్టి కింది గుర్తు కలిపి రెండు అక్షరాలుగానూ రాయొచ్చు. 'రైతు' అనే ఫోల్డర్ రెండు రూపాల్లోనూ ఉండొచ్చు. మ్యాక్ పాత ఫైల్ వ్యవస్థ, హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్, పేర్లను విడదీసిన రూపంలో దాచేది. ఆ డిస్క్ నుంచి లినక్స్‌కు వచ్చిన ఫోల్డర్లలో ఈ తేడా ఎదురవుతుంది. ఇలాంటప్పుడు పేరు టైప్ చేసి గెలవలేరు. ఐనోడ్ నంబర్ తీసుకుని దాంతోనే పేరు మార్చేయండి:

ఎల్‌ఎస్ -ఐ
ఫైండ్ . -మ్యాక్స్‌డెప్త్ 1 -ఐనమ్ 1311042 -ఎగ్జెక్ ఎంవీ {} కొత్తపేరు \;

1311042 ఉన్న చోట మీకు కనబడిన నంబర్ పెట్టండి. పేరులో ఎంత వింత అక్షరం ఉన్నా ఈ పద్ధతికి అడ్డు రాదు.

పేరు పొడవు సంగతి కూడా తెలిసి ఉండాలి. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఫైల్ వ్యవస్థల్లో ఒక పేరుకు 255 బైట్లే హద్దు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కోటీ 3 బైట్లు తీసుకుంటాయి. అంటే 85 గుర్తులతో హద్దు నిండిపోతుంది. విండోస్‌లో సరిపోయిన పొడుగాటి తెలుగు పేరు లినక్స్‌కు కాపీ అయ్యేటప్పుడు ఎర్రర్ ఇచ్చి ఆ ఫోల్డర్ మొత్తం వెనకే ఉండిపోవచ్చు. కాపీ చేశాక ఫోల్డర్ల లెక్క సరిచూసుకోవాలి.

అడుగు 5: షెల్ దారిని మార్చేసిందా

మీరు కొట్టినది కమాండ్‌కు చేరేలోపు షెల్ దాన్ని మారుస్తుంది. పేరు మధ్యలో ఖాళీ ఉంటే రెండు ముక్కలు చేస్తుంది. అందుకే మొత్తాన్ని కోట్స్‌లో పెట్టాలి. కోట్స్ పెట్టగానే ఇంకో చిక్కు: ~ గుర్తు కోట్స్ లోపల విచ్చుకోదు. '~/మా ఫొటోలు' అని మొత్తం కోట్స్‌లో పెడితే, ~ అనే పేరున్న డైరెక్టరీ కోసం షెల్ వెతుకుతుంది. ~/ ను కోట్స్ బయట ఉంచి మిగతాది లోపల పెట్టండి:

సీడీ ~/"మా ఫొటోలు"

ఎర్రర్‌లో ~ గుర్తు అలాగే కనబడిందంటే సమస్య ఇదే. కాన్ఫిగ్ ఫైళ్లలో ~ వాడినా ఇంతే. దాన్ని విప్పేది షెల్, చాలా ప్రోగ్రాములు విప్పవు. అక్కడ పూర్తి దారి రాయండి.

పేరు హైఫన్‌తో మొదలైతే కమాండ్ దాన్ని ఆప్షన్ అనుకుంటుంది. ముందు ./ చేర్చండి. ఉత్త 'సీడీ -' అంటే ఇంతకుముందున్న చోటికి వెళ్లడం. ఇది తప్పు కాదు, చాలా పనికొచ్చే సదుపాయం.

వేరియబుల్‌లో దారి పెట్టి వాడుతుంటే ముందు 'ఎకో'తో దాని విలువ చూడండి. వేరియబుల్ ఖాళీగా ఉంటే, దాని తర్వాత రాసిన /లెక్కలు నేరుగా రూట్ (అన్నిటికీ పైనున్న / డైరెక్టరీ) కింద వెతికిస్తుంది. ఇలాంటి స్క్రిప్టులో చెరిపేసే కమాండ్ 'ఆర్‌ఎం' కూడా ఉంటే ఫలితం ఘోరంగా ఉంటుంది. స్క్రిప్ట్ మొదట్లో 'సెట్ -యూ' పెడితే, విలువ ఇవ్వని వేరియబుల్ తగలగానే అక్కడే ఆగిపోతుంది.

అడుగు 6: తెగిన లింకులు

'ఎల్‌ఎస్ -ఎల్' లో పేరు పక్కన -> గుర్తు కనబడితే అది సింబాలిక్ లింకు. లింకు ఉంటుంది, అది చూపించే చోటు ఉండకపోవచ్చు. పేరు కళ్లెదురుగా కనబడుతున్నా 'సీడీ' కొడితే లేదంటుంది. లింకు ఎటు వెళ్తోందో చూడటానికి 'రీడ్‌లింక్', హోమ్ కింద తెగిన లింకులన్నీ తీయడానికి:

ఫైండ్ ~ -ఎక్స్‌టైప్ ఎల్

సొంత దారి / తో మొదలుకాని లింకును వేరే చోటికి కదిపితే తెగిపోతుంది. దాన్ని లింకు ఉన్న చోటి నుంచి లెక్కిస్తారు కాబట్టి.

అడుగు 7: డిస్క్ మౌంట్ కాలేదా

డైరెక్టరీ ఉంది, లోపల మాత్రం ఖాళీ. లేదా /మీడియా కింద డిస్క్ పేరే లేదు. ఇక్కడ ఆలోచన మార్చుకోవాలి. లినక్స్‌లో డిస్క్ అంటే విడిగా ఉండే డ్రైవ్ అక్షరం కాదు, ఏదో ఒక డైరెక్టరీ మీద తగిలించిన చెట్టు. తగిలించకపోతే కింద ఉన్న ఉత్త డైరెక్టరీయే కనబడుతుంది.

ఎల్‌ఎస్‌బీఎల్‌కే
ఫైండ్‌ఎంఎన్‌టీ

మొదటిది కంప్యూటర్‌కు కనబడుతున్న డిస్కులు, పార్టిషన్లు చూపిస్తుంది. రెండోది ఏది ఎక్కడ మౌంట్ అయిందో చెబుతుంది. మొదటిదాంట్లో ఉండి చివరి గడి ఖాళీగా ఉంటే మౌంట్ కాలేదు. అసలు మొదటిదాంట్లోనే లేకపోతే కేబుల్, పోర్ట్, డిస్క్ ఆరోగ్యం చూడాలి. అప్పుడు 'డీమెసేజ్' (డీ అక్షరం తర్వాత ఎంఈఎస్‌జీ) చివరి వరుసలు చదవండి.

పెన్‌డ్రైవ్‌లు ఉబుంటులో /మీడియా కింద మీ యూజర్ పేరు లోపల, ఫెడోరాలో /రన్/మీడియా కింద, మ్యాక్‌లో /వాల్యూమ్స్ కింద కనబడతాయి. పాత ట్యుటోరియల్‌లోని దారి మీ దగ్గర లేకపోవడానికి ఈ తేడా ఒక కారణం.

రీబూట్ తర్వాత మాయమైతే, బూట్‌లో ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్ చూడండి. అందులో డిస్క్‌ను /డెవ్/ఎస్‌డీబీ1 లాంటి పేరుతో రాస్తే, ఇంకో డిస్క్ తగిలించిన రోజు ఆ పేర్లు తారుమారవుతాయి. 'బీఎల్‌కేఐడీ' ఇచ్చే యూయూఐడీ (ఆ పార్టిషన్‌కే ప్రత్యేకమైన గుర్తింపు) రాయడమే సరైన పద్ధతి. బయటి డిస్క్ అయితే 'నోఫెయిల్' కూడా చేర్చండి. అప్పుడు ఆ డిస్క్ లేకున్నా కంప్యూటర్ బూట్ అవుతుంది.

ఇప్పుడు మొదట చెప్పిన 'ఎంకేడిర్' సంగతి. డిస్క్ మౌంట్ కాని రోజున బ్యాకప్ స్క్రిప్ట్ నడిచిందనుకోండి. ఖాళీ మౌంట్ పాయింట్‌లోకే డేటా రాసేస్తుంది. అది అసలు పడేది సిస్టమ్ డిస్క్ మీద. మర్నాడు డిస్క్ మౌంట్ కాగానే నిన్న రాసినదంతా దాని కింద దాగిపోతుంది. 'ఎల్‌ఎస్' లో కనబడదు, ఎంత చోటు వాడారో చూపే 'డీయూ' లెక్కలోకి రాదు, సిస్టమ్ డిస్క్ మాత్రం నిండి ఉంటుంది. కింద దాగినదాన్ని చూడటానికి రూట్‌ను ఇంకోచోట తగిలించాలి ('సుడో' అంటే ఆ కమాండ్‌ను అడ్మిన్ అనుమతితో నడపడం):

సుడో ఎంకేడిర్ /ఎంఎన్‌టీ/కింద
సుడో మౌంట్ --బైండ్ / /ఎంఎన్‌టీ/కింద

ఇప్పుడు /ఎంఎన్‌టీ/కింద లోపల అదే దారి పట్టుకుని వెళ్తే, మీద డిస్క్ లేనట్టుగా అసలు డైరెక్టరీ కనబడుతుంది. కావాల్సింది బయటికి తీసుకున్నాక 'సుడో యూమౌంట్ /ఎంఎన్‌టీ/కింద' (కమాండ్‌లో యూ తర్వాత ఎన్ ఉండదు) తప్పక కొట్టండి. ఆ బైండ్ ఉండగా అక్కడ ఏది తుడిచినా అసలు రూట్‌లోదే పోతుంది. బ్యాకప్ స్క్రిప్టులో రాసే ముందు 'మౌంట్‌పాయింట్ -క్యూ' తో పరీక్ష పెడితే ఇదంతా జరగదు.

నెట్‌వర్క్ డిస్కులకు ఎర్రర్లు వేరు. 'స్టేల్ ఫైల్ హ్యాండిల్' అంటే సర్వర్ వైపు ఆ డైరెక్టరీ మారిపోయింది. 'ట్రాన్స్‌పోర్ట్ ఎండ్‌పాయింట్ ఈజ్ నాట్ కనెక్టెడ్' అంటే ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్ లాంటి మౌంట్ వెనకున్న ప్రోగ్రామ్ పడిపోయింది. రెండింటికీ అన్‌మౌంట్ చేసి మళ్లీ మౌంట్ చేయాలి.

ప్రోగ్రాములను విడి కంటైనర్లలో నడిపే డాకర్‌లో ఇదే కథ ఇంకో రూపంలో వస్తుంది. -వీ ఆప్షన్‌తో ఇచ్చిన దారి మీ మెషీన్ మీద లేకపోతే డాకర్ ఎర్రర్ ఇవ్వదు. ఆ పేరుతో ఖాళీ డైరెక్టరీ తానే సృష్టిస్తుంది. --మౌంట్ ఆప్షన్ అయితే లేదని చెప్పి ఆగుతుంది. అందుకే రెండోదే వాడండి.

అడుగు 8: అనుమతులు, సుడో

డైరెక్టరీ విషయంలో ఆర్ అనుమతి అంటే పేర్ల జాబితా చదవడం, ఎక్స్ అంటే లోపలికి దాటి వెళ్లడం. దారిలోని ప్రతి డైరెక్టరీకీ ఎక్స్ ఉండాలి. ఒక్క పై మెట్టుకు లేకున్నా కిందిది అందదు. 'పర్మిషన్ డినైడ్'ను కొన్ని ప్రోగ్రాములు, వెబ్ సర్వర్లు 'లేదు' అనే చూపిస్తాయి. 'నేమ్‌ఐ -ఎల్' లో ఎక్స్ లేని వరుస కోసం చూడండి.

'సుడో సీడీ' పనిచేయదు. సీడీ షెల్ లోపలి కమాండ్, విడి ప్రోగ్రామ్ కాదు. 'సుడో -ఐ' తో రూట్ (అన్ని అనుమతులూ ఉన్న యూజర్) షెల్‌లోకి వెళ్లి సీడీ కొట్టండి. అక్కడ ~ అంటే /రూట్, మీ హోమ్ కాదు. రూట్‌గా నడిపిన ప్రోగ్రామ్ సేవ్ చేసిన ఫోల్డర్ మీ హోమ్‌లో కనబడకపోతే /రూట్ లోపల చూడండి.

విండోస్‌లో

కమాండ్ ప్రాంప్ట్‌లో సీ డ్రైవ్‌లో ఉండి 'సీడీ డీ:\లెక్కలు' కొడితే ఎర్రర్ రాదు, చోటూ మారదు. డ్రైవ్ కూడా మారాలంటే:

సీడీ /డీ డీ:\లెక్కలు

డెస్క్‌టాప్ మీద ఫోల్డర్ కనబడుతుంది, యూజర్స్ కింద మీ పేరులోని డెస్క్‌టాప్‌లో మాత్రం లేదు. ఇది వన్‌డ్రైవ్ పని. బ్యాకప్ ఆన్ అయితే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి మారతాయి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో షిఫ్ట్ పట్టుకుని ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'కాపీ యాజ్ పాత్' ఎంచుకుంటే నిజమైన దారి దొరుకుతుంది. యూజర్ ఫోల్డర్ పేరు కూడా మీ పూర్తి పేరు కాకపోవచ్చు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టిన కంప్యూటర్లలో ఈమెయిల్‌లోని మొదటి ఐదు అక్షరాలే ఫోల్డర్ పేరవుతాయి. ఖాతా పేరు తర్వాత మార్చుకున్నా ఆ ఫోల్డర్ పేరు మారదు.

ప్రింట్ కోసం జిరాక్స్ షాపులోనో ఇంటర్నెట్ సెంటర్‌లోనో పెన్‌డ్రైవ్ పెట్టి తెచ్చాక ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోవడం చాలామందికి ఎదురయ్యేదే. ఫోల్డర్లు పోలేదు. వైరస్ వాటికి హిడెన్, సిస్టమ్ గుర్తులు తగిలించింది. షార్ట్‌కట్ల మీద క్లిక్ చేయకండి. ముందు 'డిర్ /ఏ ఈ:\' తో ఉన్నాయో లేదో చూడండి, తర్వాత:

యాట్రిబ్ -హెచ్ -ఆర్ -ఎస్ /ఎస్ /డీ ఈ:\*.*

ఈ ఉన్న చోట మీ పెన్‌డ్రైవ్ అక్షరం. పేరు లేని ఫోల్డర్ ఒకటి కనబడితే దాని లోపల కూడా చూడండి, మీవి అందులోకి నెట్టి ఉండొచ్చు. ఫైళ్లు తీసుకున్నాక యాంటీవైరస్‌తో స్కాన్ చేసి పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయండి.

డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే సదుపాయం) వాడేవాళ్లకు సీ డ్రైవ్ /ఎంఎన్‌టీ/సీ దగ్గర ఉంటుంది. విండోస్ దారిని కోట్స్ లేకుండా అతికిస్తే బ్యాష్ \ గుర్తులన్నీ మింగేస్తుంది. ఎర్రర్‌లో దారి మాటలన్నీ అతుక్కుపోయి కనబడటానికి కారణం అదే. 'డబ్ల్యూఎస్‌ఎల్‌పాత్' కమాండ్‌కు సింగిల్ కోట్స్‌లో ఆ దారి ఇస్తే లినక్స్ రూపం ఇస్తుంది.

మ్యాక్‌లో

డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్‌లో 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' వస్తే, 2019లో వచ్చిన కాటలీనా నుంచి ఉన్న గోప్యతా రక్షణ అది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద టెర్మినల్‌కు అనుమతి ఇవ్వండి. బయటి డిస్క్ పేరు పక్కన 1 చేరి కనబడితే, /వాల్యూమ్స్ కింద పాత పేరుతో ఉత్త డైరెక్టరీ మిగిలిపోయింది. దారి తెలియనప్పుడు ఫోల్డర్‌ను ఫైండర్ నుంచి లాగి టెర్మినల్‌లో వదిలితే పూర్తి దారి తానే టైప్ అవుతుంది.

చేత్తో కొడితే పనిచేస్తుంది, స్క్రిప్ట్‌లో పనిచేయదు

రెండు కారణాలు ముందు చూడండి. ఒకటి, స్క్రిప్ట్ విండోస్‌లో రాసింది. ప్రతి వరుస చివర కనబడని అక్షరం ఒకటి ఉండి, డైరెక్టరీ పేరులో భాగమైపోతుంది. 'క్యాట్ -ఏ' (ఏ పెద్ద అక్షరం) తో చూస్తే వరుస చివర డాలర్ గుర్తుకు ముందు ^ గుర్తు, పెద్ద ఎం కనబడతాయి. 'డాస్2యూనిక్స్' నడిపితే పోతుంది. రెండు, పనులను నిర్ణీత సమయానికి తానే నడిపే క్రాన్. క్రాన్ మీ స్క్రిప్టును మీరు దాన్ని దాచిన చోటి నుంచి కాదు, హోమ్ డైరెక్టరీ నుంచి నడుపుతుంది. స్క్రిప్టులో దారులన్నీ / నుంచి పూర్తిగా రాయండి.

గిట్ నుంచి క్లోన్ చేసినప్పుడు డైరెక్టరీ లేకపోతే, గిట్ ఖాళీ డైరెక్టరీలను దాచదని గుర్తుంచుకోండి. డైరెక్టరీ ఉండి లోపల ఖాళీ అయితే అది సబ్‌మాడ్యూల్ (లోపల పెట్టిన ఇంకో గిట్ ప్రాజెక్ట్) కావొచ్చు: 'గిట్ సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ --ఇనిట్ --రికర్సివ్'.

ఇంకా దొరకలేదంటే వెతకడం

ఫైండ్ / -టైప్ డీ -ఐనేమ్ "*లెక్కలు*" 2>/డెవ్/నల్

'ఐనేమ్' పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడదు. చివరి ముక్క అనుమతి ఎర్రర్లను పక్కకు నెడుతుంది. పేరు మారిపోయిందనే అనుమానం ఉంటే పేరుతో కాక సమయంతో వెతకండి. గడిచిన గంటలో లోపలి జాబితా మారిన డైరెక్టరీలు:

ఫైండ్ ~ -టైప్ డీ -ఎంమిన్ -60

విండోస్‌లో 'డిర్ సీ:\*లెక్కలు* /ఎస్ /బీ /ఏడీ' ఇదే పని చేస్తుంది.

'హిస్టరీ' లో 'ఎంవీ', 'ఆర్‌ఎం' వరుసలు చూడండి. ఎంవీ రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. గమ్యం పేరుతో డైరెక్టరీ ముందే ఉంటే మీది దాని లోపలికి వెళ్తుంది. లేకపోతే మీదానికే ఆ పేరు వస్తుంది. 'బ్యాకప్' అనబోయి ఒక అక్షరం తప్పు కొడితే, మీ డైరెక్టరీ ఆ తప్పు పేరుతో పక్కనే ఉంటుంది.

నిజంగానే చెరిగిపోతే

ఫైల్ మేనేజర్‌లో డిలీట్ చేస్తే లినక్స్‌లో హోమ్‌లోని .లోకల్/షేర్/ట్రాష్/ఫైల్స్ లో (ట్రాష్ మొదటి అక్షరం పెద్దది), మ్యాక్‌లో .ట్రాష్ లో ఉంటుంది. 'ఆర్‌ఎం' కు, విండోస్ 'ఆర్‌ఎండిర్' కు చెత్తబుట్ట లేదు.

డిస్క్ రిపేర్ తర్వాత మాయమైతే, ఆ పార్టిషన్ పై మెట్టులోని 'లాస్ట్+ఫౌండ్' లో రూట్‌గా చూడండి. పేరు పోగొట్టుకున్న డైరెక్టరీలు అక్కడ # గుర్తు, నంబర్‌తో ఉంటాయి. లోపలి ఫైళ్ల పేర్లు చాలాసార్లు చెక్కుచెదరవు.

ఇవేవీ కాకపోతే ఆ డిస్క్ వాడకం అక్కడికక్కడే ఆపండి. అది సిస్టమ్ డిస్క్ అయితే కంప్యూటర్ ఆపి, లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయండి. ఎస్‌ఎస్‌డీల విషయంలో సమయం చాలా తక్కువ. ట్రిమ్ (ఖాళీ అయిన చోటును ఎస్‌ఎస్‌డీకి తెలిపే పని) నడిచాక చెరిపిన బ్లాకుల నుంచి తిరిగి తీయడం దాదాపు అసాధ్యం, అనేక లినక్స్ సిస్టమ్‌లలో అది వారానికోసారి తానే నడుస్తుంది. మొదట 'డీడీరెస్క్యూ' తో డిస్క్ మొత్తానికి కాపీ తీసి, ఆ కాపీ మీదే పనిచేయండి. టెస్ట్‌డిస్క్ పోయిన పార్టిషన్లను, కొన్ని ఫైల్ వ్యవస్థల్లో చెరిపిన ఫైళ్లను పేర్లతో సహా తెస్తుంది. ఫొటోరెక్ ఫైళ్లను వాటి లోపలి ఆకారం బట్టి వెతుకుతుంది కాబట్టి డైరెక్టరీ నిర్మాణం, పేర్లు తిరిగి రావు. దొరికిన ఫైళ్లను మాత్రం ఎప్పుడూ వేరే డిస్క్ మీదకే తీయండి.